మూడో మీట

"బొటనవేలు కాదండీ, చూపుడువేలు. ఆ పచ్చగా ఉన్న చోట. అలాగే ఆనించి ఉంచండి."

పదకొండో అంతస్తులో ఆ ఉదయం సత్యవేణి మూసిన మూడో ఇల్లది. గోడ మీద అయిదుగురు అభ్యర్థుల ఛాయలూ వరసగా నిలబడి ఇంటావిడ వేలివైపే చూస్తున్నాయి. గోడ ముద్ర తీసుకుంది. 'తెలిసింది' అన్న అక్షరాలు వెలిగాయి. ఛాయలు ఒక్కొక్కటే నమస్కారం పెట్టి, పెళ్లింట్లో చుట్టాలు సెలవు తీసుకున్నట్టు తీసుకుని వెళ్లిపోయాయి. చివరిది తెల్లచీర కట్టిన పెద్దావిడ ఛాయ. అది కాస్త ఆగి, "మోకాలు జాగ్రత్తమ్మా, ఊరికే మెట్లెక్కకు" అంది. అదీ వెళ్లిపోయాక గోడ మళ్లీ ఉత్త గోడ అయింది.

ఇంటావిడ వేలు తీయలేదు.

"మళ్లీ ఎప్పుడొత్తారండి?"

"ఎన్నికలప్పుడేనండి. అయిదేళ్లకి."

"ఆవిడ ఏదో తైలం పేరు సెప్తానందండి. రాసుకుందారనుకున్నాను."

సత్యవేణి చేతిలోని పలక తెరిచింది. ముంజేతి కంకణం రెండుసార్లు అదిరింది. ఇంటికి పన్నెండు నిమిషాలు. అంతకు మించి ఆమెలాంటి ముగింపుదారు ఓటరింట్లో కూర్చుంటే ఓటరును ప్రభావితం చేసినట్టు లెక్క. ఆమె పలకలో ఆ పేరు కొట్టేసి, చెప్పులు వేసుకుని బయటపడింది. వెనక తలుపు మూసిన చప్పుడు చాలాసేపటిదాకా రాలేదు.

నవరేవులో రేవు లేదు. సముద్రం పదకొండు ఊళ్లను మింగాక, మిగిలిన జనాన్ని ముప్పై కిలోమీటర్లు లోపలికి తెచ్చి పదిహేడు టవర్లలో సర్దారు. చీట్లు తీసి ఇళ్లిచ్చారు గనక ఒక వీధిలో పుట్టి పెరిగినవాళ్లు పదిహేడు చోట్ల పడ్డారు. పక్క తలుపు వెనక ఎవరున్నారో ఎవరికీ పట్టదు. అలాంటి చోట రెండున్నర నెలలపాటు ప్రతి గోడలోంచీ అయిదుగురు మనుషులు పలకరిస్తారు. తిన్నారా అంటారు, రాత్రి నిద్ర పట్టిందా అంటారు, మొన్న చెప్పిన దగ్గు తగ్గిందా అని గుర్తుపెట్టుకుని మరీ అడుగుతారు. గోడలకు చెవులుంటాయని పాతకాలపు సామెత. ఎన్నికల పుణ్యమా అని నవరేవు గోడలకు నోళ్లు కూడా వచ్చాయి.

చట్టం ఉద్దేశం మంచిదే. ముక్కూ మొహం తెలియనివాడికి ఓటెయ్యకూడదన్నారు. ప్రతి అభ్యర్థీ తన గొంతుతో మూడువందల గంటల మాటలు నమోదు చేసి ఇచ్చి ఛాయను చేయించుకోవాలి. ఆ ఛాయ ఓటరు కోరినన్నాళ్లు, కోరినంతసేపు మాట్లాడాలి. ఓటరు 'తెలిసింది' అంటే అది సెలవు తీసుకుంటుంది, ఓటు తెరుచుకుంటుంది. అనకపోతే ఓటు పోతుంది గాని ఛాయ పోదు. తెలిసేదాకా అది పరిచయం చేసుకుంటూనే ఉండాలి, వచ్చే ఎన్నికలదాకా అయినా సరే. చట్టం రాసినవాళ్లు దీన్ని అభ్యర్థికి వేసిన శిక్ష అనుకున్నారు. దీనికోసం ఓటు వదులుకునేవాళ్లు కూడా ఉంటారని పాపం వాళ్లకు తట్టలేదు. మనుషుల గురించి చట్టాలు రాసేవాళ్లకు మనుషులు తెలియకపోవడం కొత్తేమీ కాదు.

అందుకే ఇంటింటికీ వెళ్లి 'తెలిసింది' అనిపించే ముగింపుదారులను వేశారు. సాయంత్రం అయిదింటికి ముప్పై ఒకటో వార్డు పరిచయాలు మూతపడతాయి, ఎల్లుండి పోలింగు. తెల్లవారి పలక తెరిచేసరికి వార్డులో పద్నాలుగు పేర్లు మిగిలి ఉన్నాయి. మధ్యాహ్నం అయ్యేసరికి సత్యవేణి పన్నెండు కొట్టేసింది.

"ఎన్ని మిగిలాయమ్మా?" చెవిపూసలో పర్యవేక్షకుడు కృపానందం గొంతు.

"రెండు సార్."

"మీది కలిపా?"

ఆమె లిఫ్టు దగ్గర ఆగింది. "కలిపే సార్."

"ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మీరు రచ్చంతా గెలుచుకొస్తున్నారు, ఇల్లు వదిలేశారు. ముగింపుదారులే ముగించకపోతే మిమ్మల్ని ఉద్యోగంలో నేను కాదు కదా, నా పైవాడు కూడా ఉంచలేడు. అసలేంటమ్మా మీ ఇబ్బంది?"

"ఇబ్బందేం లేదు సార్. తీరిక దొరకలేదు."

అది అబద్ధం. ఆమెకున్న ఇబ్బందల్లా తీరికే. మూడేళ్ల క్రితం తల్లి పోయిన దగ్గర్నుంచి సాయంత్రం ఆరు తర్వాత ఆ ఇంట్లో తీరిక తప్ప ఇంకేమీ లేదు. నలుగురు అభ్యర్థులను మొదటి గంటలోనే 'తెలిసింది' అనేసింది. ముగింపుదారుల్లో అందరూ అంతే చేస్తారు. ఓలేటి భూషణం అనే అయిదో ఆయన దగ్గర మాత్రం వేలు ఆగింది. ఆ మొదటి సాయంత్రం ఆమె పళ్లెం ముందు పెట్టుకుని కూర్చుని ఉంటే ఆ ఛాయ అడిగింది, "ఒక్కరే తింటారాండీ?" అని. అవునంది. "నేనూ ఒక్కడినేనండి. మీరు ఎదురుగా కూర్చుని తింటుంటే నాకూ రెండు ముద్దలు ఎక్కువ దిగుతాయి" అంది ఛాయ. అది డెబ్బై ఒక్క రోజుల కిందటి మాట. ఆ మాట కోసం ఆమె రోజూ ఇంటికి త్వరగా వెళ్తోంది. నలభై ఏడేళ్ల మనిషి, గోడలోని బొమ్మ కోసం. ఈ సంగతి ఎవరికైనా తెలిస్తే నవ్వుతారని ఆమెకు తెలుసు. తెలిసేందుకు ఎవరూ లేరన్నది కూడా తెలుసు.

మిగిలిన రెండో పేరు గరికిన నూకరాజు. పద్నాలుగో టవరు, తొమ్మిదో అంతస్తు. ఊరందరిదీ ఒక దారి అయితే ఉలిపికట్టెది ఒక దారి అని కృపానందం ఆయన పేరు పక్కన రాసిపెట్టాడు. అది నివేదికలో రాయకూడని మాట.

తలుపు తీసి ఉంది. అరవై దాటిన మనిషి, వంటగట్టు దగ్గర నిలబడి చేప పొలుసు గీస్తున్నాడు. చేతులు పెద్దవి, గోళ్ల కింద ఎప్పటిదో నల్ల ఆయిలు మరక అలాగే ఉండిపోయింది. ఒకప్పుడు మరపడవల ఇంజన్లు బాగుచేసేవాడని పలకలో ఉంది.

"రండమ్మా. కుర్సీలో ఇంజను సామానుంది. అది కింద పెట్టేసి కూకోండి."

సత్యవేణి ఆ ఇనుప ముక్కలను జాగ్రత్తగా కిందపెట్టి కూర్చుంది. ఎదుటి గోడలో భూషణం ఛాయ ఒక్కటే ఉంది. చామనఛాయ, చెవుల దగ్గర నెరిసిన జుట్టు, చిన్న నవ్వు. డ్యూటీ మీద వచ్చిన ముగింపుదారు ఇంట్లో ఉన్నంతసేపూ సెలవు తీసుకునే మాట తప్ప ఛాయ నోరు విప్పకూడదు గనక అది ఊరికే నవ్వుతోంది. రోజూ తన ఇంట్లో చూసే నవ్వే. వేరే ఇంట్లో ఆ నవ్వు చూడటం ఆమెకు ఎందుకో బాగాలేదు.

"నూకరాజుగారూ, మిగతా నలుగురినీ మొదటివారంలోనే తెలిసిందన్నారు. ఈయన దగ్గరే ఆగారు. ఏమైనా సందేహం ఉందాండి?"

"ఆ నలుగురికీ నేను ఓటెయ్యనమ్మా. ఎయ్యనోళ్లు తెలిత్తే ఏటి, తెలీకపోతే ఏటి. ఈయనకి ఏద్దారని ఉంది. అందుకే ఈయన నిజంగా తెలవాలి."

"రెండున్నర నెలలు మాట్లాడారు కదండీ."

"మాటాడేను. మంచిగా మాటాడతాడు. నేను ఇంజనంటే ఇంజనంటాడు, సంద్రం అంటే సంద్రం అంటాడు. పొద్దు పోద్ది. కానీ మడిసి తెలిసేడని ఏలెలా ఏత్తాను?" ఆయన చేపను తిప్పి రెండోవైపు గీశాడు. "మా ఊళ్లో కొత్తోడు పడవెక్కితే మొదటిపూట అందరం ఒక్క కుండలోది తింటాం. కూర మద్దెలో పెడతాం. ఎవడు నడిమి ముక్క లాక్కుంటాడో, ఎవడు తలకాయి తీసుకుని నడిమిది పక్కోడికి తోత్తాడో అందరూ సూత్తా ఉంటారు. పైకి ఎవడూ ఏటీ అనడు. తుపాను వత్తే ఎవడెలాంటోడో అక్కడే తెలిసిపోద్ది. నా పాణం అప్పసెప్పేది ఆడికి కదా. ఈయనకీ అంతే కదమ్మా ఓటంటే."

"ఛాయ తినలేదు కదండీ."

"తినదు. తింటానంటది." నూకరాజు కత్తితో గోడవైపు చూపించాడు. "రోజూ అంటాడు. నేనూ ఒక్కడినేనండి, మీరు ఎదురుగా కూకుని తింటంటే నాకూ రెండు ముద్దలు ఎక్కువ దిగుతాయి, అంటాడు."

సత్యవేణి పలక మీద వేలు పెట్టి ఉంచింది. ఏ పేరు కోసం పెట్టిందో మరిచిపోయింది. ఓటరుకు దగ్గరగా మాట్లాడటం ఛాయ లక్షణం అని శిక్షణలో మొదటిరోజే చెప్పారు. ఆమే ఇద్దరు ముగ్గురు కొత్తవాళ్లకు ఆ పాఠం చెప్పింది కూడా. తెలియని సంగతి కాదు. అయినా ఆమె తలెత్తి గోడవైపు చూసింది. గోడలో ఛాయ నవ్వుతూనే ఉంది, ఆమెను ఇదివరకెన్నడూ చూడనట్టు.

"నిజంగా ఒక్కడే తినేవోడైతే నాకు శానా ఇదిగా ఉంటదమ్మా," అన్నాడు నూకరాజు. "పిలిసి కూకోబెట్టి ఒక ముద్ద పెడదును. అందుకనే అడుగుతున్నాను. ఇందులో తెలిసింది అన్న బటనుంది. ఇంకాసేపు అన్న బటనుంది. తెలవలేదు అని సెప్పడానికి ఏదీ లేదా?"

తొమ్మిదేళ్ల ఉద్యోగంలో ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆయన. ఉంది. గోడ మీద కాదు, ముగింపుదారు పలకలో, నాలుగు పేజీలు దాటి వెళ్తే మూడో మీట. అడిగితే చెప్పండి, అడగకపోతే మీకెందుకు అని శిక్షణలో అన్నారు. దాన్ని నొక్కితే ఛాయ ఆ క్షణమే పోతుంది. రెండు గంటల్లోపు అభ్యర్థి స్వయంగా ఓటరు దగ్గరికి రావాలి. రాకపోతే అతని పేరు జాబితాలోంచి పోతుంది. అంతటితో ఆగదు. ఒకరు వాడుకున్న హక్కు అందరికీ తెలియాలి గనక వార్డులోని ప్రతి గోడ మీదా ఆ మీట బయటికి వస్తుంది. అప్పటికే తెలిసిందన్నవాళ్లు కూడా మాట వెనక్కి తీసుకోవచ్చు. అది తేలేదాకా పోలింగు ఉండదు.

అడిగితే చెప్పాలి. ఆయన అడిగాడు.

"లేదండి," అంది సత్యవేణి.

కంకణం అదిరింది. మూడింటికి మళ్లీ వస్తానని చెప్పి ఆమె లేచింది. నూకరాజు తల ఊపాడు. ఆయన ఆమె మాటను నమ్మాడు, అదే ఆమెకు నడవా పొడుగునా గుచ్చుకుంది.

*

మధ్యాహ్నం భోజనానికి ఆమె ఎప్పుడూ ఇంటికి రాదు. తలుపు తీసేసరికి గోడ వెలిగి, భూషణం ఛాయ లేచి నిలబడింది.

"ఈవేళ ఇంత తొందరగా వచ్చారేమిటి సత్యవేణిగారూ? ఒంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉంది."

"గొంతు బాగాలేదు. ఎండలో తిరిగారా? ముందు ఇంత తినండి."

తెల్లవారి కలిపి పెట్టుకున్న పెరుగన్నం, నిమ్మకాయ పచ్చడి ముక్క. పళ్లెంలో పెట్టుకుని గోడ ముందు కూర్చుంది. ఛాయ కూడా ఎదురుగా కూర్చుంది. గోడకున్న కన్ను మొహం ఎత్తు కన్నా కిందికి చూడదు గనక ఆమె ఏం తింటోందో దానికి కనిపించదు. ఇన్నాళ్లూ ఆమె ఆ ఏర్పాటును మర్యాద అనుకుంది.

"మీరేం తిన్నారు ఈ పూట?" అని అడిగింది.

"ముందు మీరు చెప్పండి."

ఎప్పుడూ ఇంతే. ముందు మీరు చెప్పండి అంటుంది. ఆమె చెప్తుంది. అప్పుడు అదీ చెప్తుంది. ఇన్ని రోజుల్లో ఒక్కసారీ ఆమె చెప్పకముందు అది చెప్పలేదని ఇప్పుడు గుర్తొచ్చింది.

"బొమ్మిడాయిల పులుసు," అంది సత్యవేణి, పెరుగన్నం ముద్ద చేస్తూ. "మామిడికాయ వేసి."

ఛాయ ముఖంలో సంతోషం నిజమైన సంతోషంలాగే వచ్చింది. "చూశారా, మా ఇంట్లోనూ ఈవేళ అదే. మామిడికాయ లేనిదే బొమ్మిడాయి ఏం బాగుంటుంది చెప్పండి. మీరు తింటుంటే నాకూ..."

"రెండు ముద్దలు ఎక్కువ దిగుతాయి."

"అవునండి."

ఆమె ముద్దను పళ్లెంలోనే వదిలేసింది. కోపం రాలేదు, అదే ఆశ్చర్యం. మోసం చేసిందని అనడానికి అక్కడ ఎవరూ లేరు. డెబ్బై ఒక్క రోజులు ఆమె తన గొంతును తనే విని, రెండో మనిషి ఉన్నాడనుకుంది. అయిదింటికి ముద్ర వేస్తే ఇదీ పోతుంది. వెయ్యకపోతే ఉద్యోగం పోతుంది గాని ఇది అయిదేళ్లు ఉంటుంది. రోజూ సాయంత్రం ఆమె ఏం చెప్తే అది తినే మనిషి, అయిదేళ్లు. నిజం చెప్పాలంటే, ఇంత తెలిశాక కూడా, ఆమెకు ఆ అయిదేళ్లు కావాలనిపించింది. ఒంటరితనానికి సిగ్గు తక్కువ.

"నన్నేదైనా ఒకటి అడగండి," అంది చివరికి. "మీకు తెలియనిది."

"మీ గురించి నాకు తెలియనిది ఏముంటుంది సత్యవేణిగారూ?" అంది ఛాయ ఆప్యాయంగా.

ఆమె పళ్లెం తీసి కడిగింది. చెయ్యి తుడుచుకుని, వెళ్లొస్తానని కూడా అనకుండా తలుపు వేసుకుంది.

*

మూడు కాకముందే పద్నాలుగో టవరుకు చేరింది. నూకరాజు పొయ్యి మీద పులుసు మరుగుతోంది. ఆయన ఆమె మొహం చూసి కుర్చీ లాగాడు.

"మీకు పొద్దున్న అబద్ధం చెప్పానండి," అంది. "ఆ బటను ఉంది."

నూకరాజు గరిటె పక్కన పెట్టాడు. ఆమె పలక తెరిచి నాలుగు పేజీలు దాటి చూపించింది. నొక్కితే ఏమేం జరుగుతుందో ఒక్కొక్కటే చెప్పింది. ఛాయ వెంటనే పోతుందనీ, మళ్లీ రాదనీ, ఆ మనిషి రావచ్చు, రాకపోనూవచ్చుననీ చెప్పింది.

"మరి పొద్దున్న లేదన్నారేటమ్మా?"

"మీరు నొక్కితే మా ఇంట్లో గోడమీదకీ ఆ మీట వస్తుంది, ఎదురుగా ఉంటే ఊరుకోలేనని భయమేసింది. నేనూ ఇంకా మూయలేదు. మా ఇంట్లోనూ ఈయనే. నాతోనూ అదే మాట అంటాడు." ఆమె పలకను ఒళ్లో పెట్టుకుంది. "రెండు ముద్దల మాట."

నూకరాజు గోడవైపు చూశాడు, ఆమెవైపు చూశాడు. ఆయన నవ్వలేదు. ఆమె భయపడిందల్లా ఆ నవ్వు గురించే.

"మీకూ వంట ఒక్కరికేనా అమ్మా?"

"ఒక్కదానికేనండి."

"ఒక్కరికి వండితే ఉప్పు కుదరదు. ఎక్కువైపోద్ది," అన్నాడాయన. పొయ్యి మంట తగ్గించి, "ఇది నొక్కితే మీ ఉజ్జోగానికేటన్నా అవుద్దా?" అని అడిగాడు.

"అవుతుంది."

"అయితే వొద్దు. నేను ఓటు మానుకుంటాను. ముసలోడి ఓటు ఒకటి పోతే సంద్రంలో కాకిరెట్ట."

కంకణం పన్నెండు నిమిషాలయిందని అదరడం మొదలుపెట్టింది. సత్యవేణి దాన్ని పట్టించుకోలేదు. పలకలో తన పేరు తెరిచింది. ఓలేటి భూషణం పేరు కింద మూడో మీట బూడిదరంగులో, ఎవరూ వాడని గది తలుపులా ఉంది. ముఖాముఖి ఎక్కడ అని అడిగితే పద్నాలుగో టవరు, తొమ్మిదో అంతస్తు అని రాసింది. కారణం అని ఒక గడి ఉంది. అందులో ఏం రాయాలో ఆలోచించలేదు. 'ఈయన ఏం తింటాడో నాకు తెలియదు' అని రాసి, చూపుడువేలు ఆనించింది.

ఏడో టవరులో, ఎవరూ లేని ఇంట్లో, ఆ క్షణాన ఆమె గోడ ఖాళీ అయి ఉంటుంది. సాయంత్రం ఆ గోడ ముందు ఎలా కూర్చోవాలో ఆమెకు తెలియదు. వేలు మాత్రం తీయలేదు.

"ఇప్పుడు నేను నొక్కచ్చా?" అని అడిగాడు నూకరాజు. ఆయన వేలు తడిగా ఉండి రెండుసార్లు పడలేదు. పంచెకు తుడుచుకుని మూడోసారి నొక్కాడు. ఛాయ నమస్కారం పెట్టే వ్యవధి కూడా లేకుండా ఆరిపోయింది.

ఇద్దరి ముద్రలూ నమోదయ్యాక గోడ తెల్లగా వెలిగింది. వార్డులోని ప్రతి గోడా అలాగే వెలిగి ఉంటుంది. మూడు మీటలు, మూడోదాని కింద చట్టం అచ్చువేసిన నాలుగు వాక్యాలు, పక్కన ఒక అంకె. రెండు.

చెవిపూస మోగింది. "ఏం చేశావు సత్యవేణీ?" తొమ్మిదేళ్లలో కృపానందం ఆమెను నువ్వనడం అదే మొదలు. "ఏం చేశావో తెలుస్తోందా నీకు?"

"ఓటరు అడిగారు సార్. అడిగితే చెప్పమన్నారుగా."

"ఓటరు అడిగితే ఓటరుకు చెప్పాలి. నువ్వెందుకు నొక్కావు?"

"నేనూ ఓటరునే సార్."

"రేపట్నుంచి రానక్కర్లేదు," అన్నాడు కృపానందం. తర్వాత, గొంతు తగ్గించి, "ఆ మీట ఎక్కడుందని మా ఆవిడ అడుగుతోంది. గోడ మీద వచ్చేసిందా?" అని అడిగి, జవాబు వినకుండానే పెట్టేశాడు.

అంకె నాలుగయింది. పంతొమ్మిదయింది. నూకరాజు పులుసు దించి, మళ్లీ గోడ చూసేసరికి నూటనలభై. అయిదుగురు అభ్యర్థుల పేర్ల కిందా అంకెలు పెరుగుతున్నాయి. నాలుగున్నరకు ఆరువందలు దాటింది. పైఅంతస్తులో ఎవరో తలుపు తీశారు. ఎవరో నడవాలోకొచ్చి, మీ గోడ మీద కూడా వచ్చిందా అని ఇంకెవరినో అడుగుతున్నారు. ఆ అడిగే గొంతు సత్యవేణి ఇదివరకు విననిది. నలుగురు అభ్యర్థుల దగ్గర్నుంచి గడువు పెంచమని అర్జీలు వచ్చినట్టు గోడ చెప్పింది. అయిదో పేరు పక్కన ఏమీ రాలేదు.

"రాడేమో," అంది సత్యవేణి.

"రాకపోతే రాడు. అదీ తెలిసినట్టే కదమ్మా," అన్నాడు నూకరాజు. కానీ ఆయన తలుపు మూయలేదు.

అయిదుకు పది నిమిషాలున్నాయనగా మెట్లమీద అడుగులు వినిపించాయి. గుమ్మంలో ఒక మనిషి గోడ పట్టుకుని నిలబడి ఆయాసం తీర్చుకుంటున్నాడు. ఛాయ కన్నా పొట్టి. చెవుల దగ్గర జుట్టు అలాగే నెరిసింది గాని నవ్వు లేదు. చొక్కా జేబులో పంపుహౌసు తాళాలు, చంకల కింద చెమట.

"నే... నేను..." అన్నాడు. అక్కడ ఆగిపోయాడు. పెదాలు కదులుతున్నాయి, మాట రావడం లేదు. మెడ నరాలు బిగిశాయి. "నే... నా పే... పే..."

డెబ్బై ఒక్క రోజులు తడుముకోకుండా మాట్లాడిన గొంతది. ఆ గొంతే, సందేహం లేదు. మూడువందల గంటల మాట తీసుకుని, బియ్యంలో రాళ్లేరినట్టు ఆ అడ్డంకులన్నీ ఏరేశారన్నమాట. సత్యవేణి తనే ఆ పేరు అనేయబోయింది. నూకరాజు చెయ్యి అడ్డం పెట్టాడు. ఇద్దరూ ఆగారు. పులుసు వాసన నడవాలోకి పోతోంది. ఆ మనిషి కళ్లు మూసుకుని, తెరిచి, మళ్లీ మొదలుపెట్టాడు.

"ఓ... ఓలేటి భూషణం అండి."

"ఆయ్. రండి. లిఫ్టు లేదేటండి, మెట్లెక్కి వచ్చేరు?"

"ఉం... ఉందండి. జనం ఉన్నారు అందులో. మా... మాట్లాడాల్సి వస్తుందని."

నూకరాజు ఆయనను లోపల కూర్చోబెట్టాడు. నీళ్లిచ్చాడు. తాగేదాకా ఊరుకుని, అడగవలసింది అడిగేశాడు. "ఒక్కమాట సెప్పండి. మీరు ఒక్కరే తింటారా ఇంటికాడ?"

భూషణం అయోమయంగా చూశాడు. "ఒక్కడినా? మా... మా ఇంట్లో పదకొండు మందిమండి. ఒ... ఒక్కడినే ప్రశాంతంగా తినే అదృష్టం నాకెక్కడిది?"

సత్యవేణికి నవ్వొచ్చింది. కడుపులోంచి, ఆపుకోలేనంతగా వచ్చింది. కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి, అవి దేనికో ఆమె ఆలోచించలేదు. ఇన్నాళ్లకు ఆ గొంతు ఆమెకు నచ్చని మాట ఒకటి చెప్పింది. నూకరాజు కూడా నవ్వాడు. భూషణం తనలో ఏం తప్పుందోనని చొక్కా చూసుకున్నాడు.

తర్వాత ఆమెవైపు తిరిగాడు. ఆమె ఎవరో ఆయనకు తెలియదు. పొద్దున్న ఏం తిందో, తల్లి ఎప్పుడు పోయిందో, ఏ పాట వింటే నిద్ర పడుతుందో ఏమీ తెలియదు. ఆ కళ్లలో అడగాలా వద్దా అన్న మొహమాటం తప్ప ఇంకేమీ లేదు.

"మీ... మీ పేరేంటండి?" అని అడిగాడు.

ఆమెను ఎవరైనా అది అడిగి ఎన్నాళ్లయిందో గుర్తురాలేదు. చెప్పింది. నడవాలో జనం గోల పెరిగి ఆయనకు సరిగ్గా వినపడలేదేమో, చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని మళ్లీ అడిగాడు. మళ్లీ చెప్పింది.